తినే అక్షరాలు

యశోదకు బడి అనగానే అరచేతులు చెమర్చేవి. పెళ్ళయి, ఒక బిడ్డకు తల్లి అయ్యాక కూడా నీళ్ళబిందె ఎత్తుకుని ఊరి బడి ముందు నుంచి పోవలసి వస్తే కొంగు సర్దుకుని అడుగులు వేగం చేసేది. ఊరు సరిహద్దుకు అవతల కర్ణాటకలోది; బళ్ళో చెప్పేది కన్నడం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. తను చదివిన ఆ రెండు తరగతుల్లో అయ్యవారు ఏమడుగుతున్నాడో తెలియక గుడ్లప్పగించి నిలబడటం, నిలబడినందుకు దెబ్బలు తినడం, ఇంతే జరిగింది. తర్వాత తమ్ముణ్ణి ఎత్తుకునే పని పడి ఇంట్లోవాళ్ళు బడి మాన్పించారు. ఆ రోజు పండగ చేసుకుంది. ముత్తు పుట్టాక మాత్రం ఆ పండగ గుర్తొచ్చినప్పుడల్లా సిగ్గేసేది.

ముత్తు ఆమె కూతురు. అసలు పేరు ముత్తక్క, నాన్న ఆదెప్ప వాళ్ళ జేజమ్మ పేరు. నాలుగేళ్ళు నిండాయి. ఇంకొన్నాళ్ళకు అదే బడి, అదే కన్నడం, అదే చివరి వరస. బిడ్డ అక్కడ నిలబడి వణకడం యశోద కళ్ళకు ఇప్పుడే కనిపించేది. అందుకని తనకు తెలిసిన నాలుగు అక్షరాలూ బడికంటే ముందే తనే చెప్పాలనుకుంది. కన్నడ అక్షరాలే. మన అక్షరాలకూ వాటికీ తలకట్టు దగ్గర కాస్త తేడా, అంతే.

పలక లేదు. ఉన్నది శెనక్కాయ విత్తనాలు. రెండేళ్ళుగా సరైన వాన లేక, ఈ ఏడన్నా పడుతుందని ఊరంతా విత్తనం కాయలు ఒలుచుకుని ఎదురుచూస్తోంది. ఒలిచేటప్పుడు విరిగినవీ, నలిగినవీ, గొర్రుతో విత్తడానికి పనికిరానివీ యశోద ఒక సత్తు గిన్నెలో వేసేది. సాయంత్రం పంచలో ఓ మూల, పేడతో అలికిన నేల మీద ఆ ముక్కలతో అక్షరం పేర్చేది. ముత్తు దాని వెంబడి వేలు నడిపి పేరు చెప్పాలి. చెప్పింది విని యశోద "బాగ చెప్పినావు" అనాలి. అన్నాక ముత్తు ఆ అక్షరాన్ని తోక నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క పలుకే తినేస్తుంది. అదీ ఆట. దెబ్బల రుచితో తను నేర్చినదాన్ని బిడ్డ కమ్మటి రుచితో నేర్వాలని ఆ తల్లి ఆశ.

అత్త తిమ్మక్కకు ఈ ఆట గిట్టేది కాదు. ఆమె కళ్ళలో పొర కమ్మి మనిషిని గొంతును బట్టే గుర్తుపట్టేది, కానీ విత్తనం నమిలిన చప్పుడు మాత్రం ఎంత దూరం నుంచైనా వినబడేది.

"మళ్ళా మొదలుపెట్టినారా తల్లీ కూతుళ్ళు. ఇట్లా మేస్తా పోతే చేన్లో ఏం చల్లేది, అచ్చరాలా?"

"ఇరిగినవేలే అత్తా."

"ఇరిగినవైతే నూరి కారెం చేస్తే ఒక పూట కూడు పోతాది. దీన్ని తాలూకా ఏలే అమల్దారును చేస్తావేమో."

"అవ్వా, నేను చెప్తా ఇను. ఇదో, ఇది అ," అని ముత్తు ఆమె ఒళ్ళోకి ఎగబాకేది.

"పోమే, నాకు చెవుడు," అని తిమ్మక్క పక్కకు తిరిగేది. బిడ్డ కాసేపు చూసి మళ్ళీ తల్లి దగ్గరకే వచ్చేది.

ఎట్టకేలకు వాన పడింది. పడిన మర్నాడు తెల్లవారకముందే ఊళ్ళో ఒక్క మగాడూ ఇంట్లో లేడు. నేలలో పదను ఆరిపోకముందే విత్తేయాలి. ఆదెప్ప కూడా చీకటితోనే లేచి కొట్టంలో గోనెపట్టా పరిచి, దాని మీద విత్తనాలు పోసి, పాకెట్టులోని ఎర్రమందు చల్లి, నీళ్ళు చిలకరించి రెండు చేతులా కలిపాడు. చీమా పురుగూ తినకుండా ఉండే మందు. లేత ఎరుపు పట్టి విత్తనాలు పీచుమిఠాయి రంగుకు తిరిగాయి. సగం మూటగట్టి ఎద్దుల మీద వేసుకుని, మిగతా సగం నీడకు ఆరబెట్టమని చెప్పి చేనికి పోయాడు.

"పాపను ఈ పక్కకు రానీయగాకు. నువ్వుగూడా చేతులు సబ్బుతో కడుక్కో," అన్నాడు పోతూ.

ఈ మాట యశోదకు వేరే చెప్పక్కర్లేదు. పైఊళ్ళో మందు విత్తనాలు తిన్న మేక నోట నురగతో గింజుకోవడం ఆమె కళ్ళారా చూసింది. అత్త దగ్గరకు వెళ్ళి రెండుసార్లు చెప్పింది. "కొట్టంలో మందు కలిపిన విత్తనాలుండాయత్తా. పాపను ఆడికి పోనీయద్దు. నేను చేనికి కూడు ఇచ్చేసి వచ్చేస్తా."

"నాకు తెలీదా. పో, పో," అంది తిమ్మక్క.

సంగటి గంప నెత్తినెత్తుకోబోతుంటే సన్నగా తుంపర మొదలైంది. కొట్టం కప్పుకు ఓ మూల చిల్లి. విత్తనాలు తడిస్తే మందంతా కారిపోతుంది, మొలక దెబ్బతింటుంది. యశోద గంప దింపి, పట్టా నాలుగు కొసలూ పట్టుకుని ఈడ్చుకొచ్చి పంచలో తడి తగలని చోట పెట్టింది. తడి తగలని చోటు రోజూ అక్షరాలు పేర్చే ఆ మూల ఒక్కటే. పైన చాట మూత వేసి, గంప ఎత్తుకుని, చేనికి పరుగులాంటి నడకతో పోయింది.

చోటు మార్చిన సంగతి అత్తకు చెప్పలేదు. చెప్పలేదన్న సంగతి కూడా ఆమెకు తట్టలేదు.

చేన్లో గొర్రు వెనక విత్తనం వేస్తున్న గుండమ్మ ఆమెను చూసి నవ్వింది. పక్కచేను గుండమ్మ, మాట వరసకు పిన్నమ్మ. "ఏమ్మా యశోదా, నీ కూతురు నిన్న మా వాకిట్లో పిడకలు చూపించి ఇది ఉ, ఇది ఊ అంటాదే. మా ఆయప్పకు ఆ రెండూ గూడా రావు, సిగ్గుపడి లోపలికి పోయినాడు."

నవ్వు వచ్చింది యశోదకు. కూడు పెట్టింది, ఒక చాలు తనూ విత్తింది. ఎరుపు అంటిన వేళ్ళను నీళ్ళచెంబు దగ్గర కడుక్కుంటూండగా ఆ ఎరుపు చూసి, పంచలో మూల గుర్తొచ్చింది.

గంప అక్కడే వదిలేసింది. ఎవరో పిలుస్తున్నా వెనక్కి తిరగలేదు. దోవలో తనకు తనే సర్దిచెప్పుకుంది. చాట మూసినాను కదా. అత్త ఉంది కదా. పాప నిద్రపోయి ఉంటుంది. ఇంటి మలుపు తిరిగేసరికి ఊపిరి అందలేదు.

పంచలో తిమ్మక్క స్తంభానికి ఆనుకుని కునుకుతోంది. ఆమె కాళ్ళ దగ్గర ముత్తు బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. చాట పక్కన బోర్లా పడి ఉంది. నేల మీద ఎర్రటి విత్తనాలతో ఒక ఇ. ఎప్పుడూ విరిగిన ముక్కలతో వంకరటింకరగా వచ్చే అక్షరం, ఈరోజు నిండు విత్తనాలతో ముచ్చటగా వచ్చింది. దానికి తోక లేదు. ముత్తు పెదాలు ఎర్రగా ఉన్నాయి.

"తినినావా?" అంది యశోద.

బిడ్డ తల్లి ముఖం చూసింది. చేతులు వెనక్కి దాచుకుంది. నోరు బిగించింది.

"ఎన్ని తినినావే? చెప్పు." భుజాలు పట్టుకుని ఊపింది. ముత్తు ఏడవడానికి కూడా భయపడి రెప్ప వేయకుండా చూస్తోంది. ఆ చూపు యశోదకు తెలుసు. చివరి వరసలో నిలబడి తను అయ్యవారిని చూసిన చూపు అది.

తిమ్మక్క ఉలిక్కిపడి లేచింది. "ఏమాయనే?"

"మందు విత్తనాలు తినింది అత్తా."

"కొట్టం పక్కకు పోనిస్తినా నేను? పోతాదేమోనని పొద్దున్నుంచి ఈడనే కూర్చోబెట్టుకుంటినే."

"ఈడనే ఉండాయత్తా విత్తనాలు. నేనే తెచ్చి పెడితి."

ముసలామె చేయి చాచి నేల తడిమింది. వేళ్ళకు ఇ తగిలింది. చేయి వెనక్కు తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది.

యశోద ఉప్పునీళ్ళు తాగించి, గొంతులో వేలుపెట్టి కక్కించింది. కొంచెం వచ్చింది, ఎర్రగా. ఇంకా లోపల ఉందో, ఇంతేనో తెలియదు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక మోటారు సైకిలు పొద్దున్నే పావగడ టౌనుకు పోయింది. బస్సు సాయంత్రం గాని రాదు. కబురు వెళ్ళగానే ఆదెప్ప గొర్రు విప్పి, విత్తనం సగం చాలులో వదిలేసి, ఎద్దులను తోలుకొచ్చాడు. పదను సంగతి ఎవరూ ఎత్తలేదు. మందు పాకెట్టు జేబులో పెట్టుకుని, బండి కట్టాడు. తిమ్మక్క ఎవరూ రమ్మనకుండానే చక్రం తడుముకుంటూ వచ్చి బండెక్కింది.

"నిద్రపోనీయగాకు," అంది కోడలితో. బండి కదిలేటప్పుడు అదొక్కటే చెప్పగలిగింది. "నిద్రపోతే మందు పైకెక్కుతాది."

ఆసుపత్రి ఉన్న నాగలమడికకు ఏటి ఇసుకలో దిగి పోవాలి. పినాకినిలో నీళ్ళు లేకపోయినా పైవాన తడికి ఇసుక బరువెక్కి చక్రాలను పట్టుకుంటోంది. ఆదెప్ప దిగి చక్రం నెడుతున్నాడు. ముత్తు నోట్లోంచి చొంగ కారుతోంది. రెప్పలు వాలుతున్నాయి.

"ముత్తూ, లెయ్. ఇదో, నా మొగం చూడు."

పిలిస్తే చూస్తుంది, చూసి మళ్ళీ మూసుకుంటుంది. చెంపల మీద తట్టింది. గిల్లింది. ఏడుస్తుంది, ఏడుస్తూనే నిద్రలోకి జారుతుంది. యశోదకు ఏం చేయాలో తోచలేదు. బిడ్డ అరచేయి విప్పి తన వేలితో 'ఈ' రాసింది.

"ఇదేంది చెప్పు."

ముత్తు కళ్ళు కొంచెం తెరిచింది. అరచేయి వంక చూసింది. "ఈ."

"బాగ చెప్పినావు."

బిడ్డ ఖాళీ చేతి వంక చూసి, తల్లి వంక చూసింది. "యాడుండాది?"

తినేది ఎక్కడ అని అడుగుతోంది. యశోదకు ఒక సంగతి తట్టింది. అరిస్తే చెప్పని బిడ్డ ఆటలో చెబుతుంది. గొంతులో వణుకు బయటికి రాకుండా, సాయంత్రం పంచలో కూర్చున్నప్పటి గొంతు తెచ్చుకుంది.

"ఇప్పుడు లేదమ్మా. ఇంట్లో తినినావు గదా. ఏమేం తినినావు?"

"అ తినినా. ఆ తినినా." ముత్తు ఆలోచించింది. "ఇ తోక తినినా."

"ఎవురు తినమన్నారు?"

"అవ్వ ఇనింది. బాగ చెప్పినావనింది."

బండి గతుకులో పడి లేచింది. తిమ్మక్క కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి కొంగు తీసి, ఎవరికీ కాకుండా ఇసుకకు చెప్పినట్టు చెప్పింది. "పోరు పెట్టె. ఇను, ఇను అని మోకాలు పట్టుకుని ఊపె. రోజూ కసురుకుంటా గదా, ఈ పొద్దు ఇంట్లో ఎవురూ లేరు, ఇందామని ఇంటి. ముద్దుగా చెప్పె. అవే ఇరిగినవనుకుని తినుపో అంటి."

ఆదెప్ప చక్రం దగ్గర నిలబడిపోయాడు. యశోద అత్త వంక చూసింది. నోటికి వచ్చిన మాట ఒకటి ఉంది. దాన్ని అనేలోపల, పట్టాను ఈడ్చుకొచ్చింది తనేనని గుర్తొచ్చింది.

"తోలు," అంది మొగుడితో. "జల్దీ తోలు."

ముత్తు రెప్పలు మళ్ళీ వాలాయి. యశోద అ రాసింది. పలకలేదు. ఆ రాసింది. పలకలేదు. తెలిసినవి చెబితే బిడ్డ కళ్ళు తెరవడం లేదు. ఇంకా చెప్పని ఋ రాద్దామంటే అది తనకే ఎప్పుడూ సరిగా రాలేదు. దాన్ని వదిలి ఎ రాసింది.

"ఇది నీకు తెలీదు. ఇది కొత్తది."

ముత్తు కళ్ళు తెరిచింది. తన అరచేతిలోకి వంగి చూసింది, అక్కడ నిజంగా ఏదో కనిపిస్తున్నట్టు. "ఏందది?"

"ఎ. నాయన తోలుతాండాడే, ఎద్దు. ఎ."

"ఎ," అంది ముత్తు. ఇంకోసారి రాయమని చేయి చాచింది.

అప్పుడర్థమైంది యశోదకు. కొత్త అక్షరం ఉన్నంతసేపు బిడ్డ మేలుకుని ఉంటుంది. ఏ రాసింది. ఒ రాసింది. ఒక్కొక్కటీ ఆశగా మింగేస్తోంది బిడ్డ, తినడానికేమీ అడగడం మరిచిపోయి. ఏరు ఇంకా సగం కూడా దాటలేదు. తన దగ్గరున్నవి ఎన్నో యశోదకు తెలుసు. బీదింట్లో బియ్యం కుండ అడుగు తడిమినట్టు లోపల తడుముకుంది. క, ఖ, గ. వాటిని ఒక్కొక్కటే, వీలైనంత ఆలస్యంగా తీసింది. ఒక్కోదానికి ఒక పేరు, ఒక కత అల్లి, కత అయిపోయే వరకూ లాగింది. ఖ దగ్గర ఏం చెప్పాలో తెలియక మేకపిల్ల దగ్గు కత చెప్పింది. ముత్తు నవ్వబోయి కక్కుకుంది.

జ తర్వాత తడబడింది. ఝ అనేది ఒకటుందని తెలుసు, ఎట్లుంటుందో తెలియదు. ఆ అక్షరం చెప్పిన రోజు తను బడికి పోక, తమ్ముణ్ణి ఎత్తుకుని అరుగు మీద ఉంది. ఏటి అవతలి గట్టు ఎదురుగా కనిపిస్తోంది. బిడ్డ కనుగుడ్లు పైకి పోతున్నాయి.

లేని అక్షరాన్ని ఒకదాన్ని గీసింది. రెండు సున్నాలు, మధ్య ఓ గీత. "ఇదో, ఇంకొక కొత్తది."

"ఏందది?"

"అది," అంది యశోద, "అది బండి." తప్పు నేర్పుతున్నానని తెలుసు. ముత్తు అప్పటికి కళ్ళు తెరిచింది, అది చాలు అనుకుంది. బండి గట్టెక్కింది.

ఆసుపత్రిలో డాక్టరు పాకెట్టు చూసి, కన్నడంలో అడిగాడు, ఎంత తినింది అని. ఇప్పుడు కూడా యశోద అరచేతులు చెమర్చాయి. కానీ ఈసారి అడిగింది అర్థమైంది.

"రెండక్షరాలు సార్. ఇంకొక దాని తోక," అంది.

ఆయన ముఖం ఎత్తి చూశాడు. పిచ్చిదనుకున్నాడేమో. యశోద అక్కడే నేల మీద కూర్చుని, చేతివేలితో అ ఎంత పొడుగు పేరుస్తుందో, 'ఆ' ఎంత పొడుగో గీసి చూపించింది, ఆ గీతల మీద విత్తనాలు ఎంత దగ్గరగా పేరుస్తుందో చెప్పింది. చివరకు గుప్పెట పట్టి, "ఇంత ఉంటాది," అంది. ఆయన గొట్టం తెమ్మన్నాడు.

ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగేటప్పుడు ఇద్దరు కాళ్ళు పట్టుకున్నారు, తల యశోద పట్టుకుంది. పళ్ళెంలోకి ఎరుపు వచ్చింది, పలుకులు వచ్చాయి, చివరికి ఒట్టి నీళ్ళు వచ్చాయి. సూది వేశారు. ఇక నిద్రపోనీయవచ్చునని సిస్టరమ్మ చెప్పింది. చెప్పినా యశోద నమ్మలేదు. బిడ్డ రొమ్ము లేస్తోందా లేదా అని చేయి వేసి కూర్చుంది.

తెల్లవారాక డాక్టరు వచ్చి కళ్ళు లాగి చూశాడు, గండం గడిచినట్టే, రెండు రోజులు ఉండాలి అన్నాడు. ఆదెప్ప బిడ్డ పాదాలు ఒకసారి పట్టుకుని, మిగిలిన విత్తనం వేయడానికి బండి తోలుకుని పోయాడు. తిమ్మక్క పోలేదు. మంచం పక్కన కింద కూర్చుంది.

ముత్తు లేచింది. గంజి రెండు గుక్కలు తాగింది, మూడోది వద్దంది. తల్లి ఒళ్ళో పడుకుని చాలాసేపు ఊరకే ఉంది. యశోద అక్షరాల మాటే తలవలేదు. ఇక ఎప్పుడూ తలవకూడదని ఆ రాత్రే ఒట్టు పెట్టుకుంది. ఏ బడికి పోయినా, ఎన్ని దెబ్బలు తిన్నా, బతికి ఉంటే చాలు.

వరండాలోకి తెచ్చి కూర్చోబెడితే బిడ్డ కళ్ళు గోడ మీద ఆగాయి. నీలం రంగు పలక మీద తెల్లగా కన్నడంలో ఆసుపత్రి పేరు, 'ఆస్పత్రె' అని.

"అమ్మా. ఆ."

"బాగ చెప్పినావు" అన్న మాట యశోద నాలుక చివరికి వచ్చి ఆగిపోయింది. ఆ మాట అంటే చాలు, బిడ్డ చేయి నోటికి పోతుంది. నిన్న అట్లాగే పోయింది.

"ఆ గదా?" అంది ముత్తు మళ్ళీ. తల్లి మాట్లాడకపోయేసరికి కింద కూర్చున్న అవ్వ వైపు తిరిగింది. తిమ్మక్క తల వంచుకుంది. బిడ్డ ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, తప్పు చెప్పానేమోనని కింది పెదవి లోపలికి లాక్కుంది.

ఆ పెదవి చూసి యశోద ఆగలేకపోయింది. "ఆ నే. బాగ చెప్పినావు," అంది. అని, బిడ్డ కుడిచేతినే చూస్తూ కూర్చుంది.

చేయి లేచింది. నోటి వైపు పోలేదు. గోడ వైపు చాచింది.

"దాని పక్కది? కింద ఇంకొకటి అతుక్కుని ఉండాదే, అదేంది?"

ఆ తర్వాతిది ఒత్తక్షరం. యశోద చదువు అక్కడికి పోనేలేదు. నిన్నటిలా ఏదో ఒకటి కల్పించి చెప్పేయవచ్చు. బిడ్డ చేయి ఇంకా గోడ వైపే చాచి ఉంది.

మందుల తట్ట పట్టుకుని సిస్టరమ్మ వరండాలోకి వచ్చింది. యశోద లేచి నిలబడింది. బళ్ళో అయ్యవారి ముందు లేచి నిలబడినట్టే ఉంది. బిడ్డను చంకనేసుకుని ఆమెకు అడ్డంగా పోయింది.

"సిస్టరమ్మా," అంది తనకు వచ్చిన కన్నడంలో. "ఆ గోడ మీద రెండో అక్షరం ఏంది? నాకు తెలీదు. పాప అడుగుతాండాది."